కుడివైపు తలుపు

ఇయర్‌ఫోన్ స్పాంజిని తడిగుడ్డతో తుడిచి, ఎడమచెవికి తగిలించుకుని, పెన్సిల్‌ను జుట్టుముడిలో గుచ్చుకుని ఆమె కుర్చీలో సర్దుకునేసరికి తొమ్మిదికి ఇంకా రెండు నిమిషాలుంది. ఇరవై ఏడేళ్లుగా ఇదే వరస. స్పాంజి ఆనీ ఆనీ ఆ చెవి పైన జుట్టు పలచబడింది. యాభై రెండేళ్ల పొట్టి మనిషి. కళ్లజోడు ఎప్పుడూ ముక్కు చివరే ఉంటుంది. గొంతుకి మాత్రం వయసు రాలేదు.

ఒకప్పుడు ఆ గదిలో నలభై ఫోన్లుండేవి. వీడియో గేమ్‌లు తీసే కంపెనీల్లో అప్పట్లో దాన్ని మించింది లేదు. ఆట మధ్యలో చిక్కుకుపోయినవాళ్లు ఫోన్ చేస్తే దారి చెప్పడం ఆ గది పని. తర్వాత కంపెనీ చితికిపోయింది. దాని పేరును ఎవరో కొనుక్కుని సెల్‌ఫోన్ పేకాట మీద వేసుకున్నారు. ముప్పై తొమ్మిది బల్లలు పోయాయి, నేలమీద వాటి కాళ్ల గుర్తులు మిగిలాయి. ఒక బల్ల, ఒక ఫోన్, ఆమె మాత్రం ఎవరికీ గుర్తురాక ఉండిపోయారు. ఇవాళ గురువారం, సాయంత్రం అయిదింటికి వీటి వంతు.

నిజానికి ఆమె ఫోన్ ఎత్తడానికి రాలేదు, బొమ్మలు గీయడానికి వచ్చింది. ‘దీపాల కోట’ ఆటతో ఇచ్చే పుస్తకంలో చివరి అంతస్తు పటం ఆమె మొదటి పని. పల్చటి కాగితం మీద నాలుగు రోజులు కూర్చుని గీసింది. అచ్చుకు పంపేటప్పుడు పొరపాటున తిరగేసి అంటించింది. పటంలో అక్షరం ఒక్కటీ లేదు గనుక ఎవరూ పసిగట్టలేదు. లక్ష పుస్తకాల్లో కుడి ఎడమయింది, జనమంతా గోడలకు గుద్దుకున్నారు. “నువ్వే సమాధానం చెప్పు” అని పై అధికారి ఆమెను వారం రోజులు ఈ గదిలో కూర్చోబెట్టాడు. ఆ వారం ఇంకా అయిపోలేదు. అడిగినవాళ్లందరికీ “కుడివైపు” అని చెప్పీ చెప్పీ ఆఫీసులో కుడివైపు అక్కయ్య అయింది.

వెనకవైపు ఖాళీగా ఉన్న ఆ పేజీని చింపి, అచ్చు బయటికి ఉండేలా కిటికీ అద్దానికి అంటించుకుంది. గదిలోంచి చూస్తే వెలుతురులో పటం సరిగ్గా కనిపిస్తుంది. తప్పు వీధివైపే.

ఆ గదికి ఒక నియమం ఉండేది. దారి ఒకేసారి చెప్పకూడదు. మొదట చిన్న సూచన, అప్పటికీ తెలియకపోతే ఇంకొకటి, మూడోసారి మాత్రమే జవాబు. ఈ అలవాటు ఇంటికీ పాకింది. ఉప్పుడబ్బా ఎక్కడుందని మొగుడు అడిగితే “ఇంకొంచెం పైన చూడండి” అంటుంది. ఆయన తల పట్టుకుని చప్పిడిదే తింటాడు.

పదిన్నరకి ఒకావిడ పడవల ఆట గురించి అడిగింది. చిన్నప్పుడు అన్నదమ్ములు తనకు వంతు ఇచ్చేవారు కాదట, ఇప్పుడు తీరిగ్గా ఆడుకుంటోంది. “వాన మొదలయ్యాక తెడ్డు వెయ్యడం ఆపి చూడమ్మా” అంది ఆమె. ఆ వానకొక పాట ఉంది, కాస్త ఆగినవాళ్లకే వినిపిస్తుంది. అవతల ఆ పాట మొదలైంది. ఇద్దరూ చివరిదాకా విన్నారు.

పదకొండయింది. ఆమె కాళ్లు కుర్చీ కిందికి లాక్కుని సిద్ధంగా కూర్చుంది. ప్రతి గురువారం పదకొండుకి దర్జీ ఫోన్ చేస్తాడు. పని మానేసిన ముసలాయన. ‘దీపాల కోట’ ఆయన భార్య సరదా. ఆవిడ పోయాక తొమ్మిదేళ్లుగా ఈయన ఆడుతున్నాడు, చిక్కుకుపోతున్నాడు. మొదటి సూచన వినగానే “చాలు తల్లీ, మిగతావి వచ్చేవారం” అంటాడు. పెట్టేసేముందు పటం గీసినవాణ్ణి తిట్టకుండా ఉండడు. “వాడెవడో దొరకాలి గానీ, వాడి చొక్కాకి ఎడమచెయ్యి కుడిపక్కన కుట్టేస్తాను!”

ఆమె నవ్వేది. ఆ ‘వాడు’ తనేనని తొమ్మిదేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఇవాళ చెప్పాలి. ఇవాళ కాకపోతే మరి లేదు.

పన్నెండయింది, ఫోన్ మోగలేదు. అన్నం డబ్బా బల్లమీదే తెరిచి, ఫోన్ మీద ఒక కన్నేసి తింది. చేతులు కడుక్కోవడానికి వెళ్లాలన్నా మనసొప్పక తడిగుడ్డతో తుడుచుకుంది. నాలుగున్నరకి తీగలు ఊడదీసే మనిషి వచ్చి పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు.

“కానివ్వండి మేడమ్, నాకేం తొందర లేదు” అన్నాడు, గడియారం చూసుకుంటూ.

నాలుగూ నలభై ఎనిమిదికి ఫోన్ మోగింది. ఆడగొంతు.

“దర్జీగారి అమ్మాయినండీ. నాన్న సోమవారం పోయారు. నిద్రలోనే. గురువారం ఫోన్ అని మీ నంబరుతో గోడమీద రాసుంటే, మీకు చెప్పాలి కదా అని.”

ఆమె చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. “బాధపడలేదు కదమ్మా?” అంది.

“లేదండీ. టీవీకి గేమ్ తగిలించే ఉంది. ఎక్కడో తలుపుల దగ్గర ఆపేశారు. ఒక్కసారి పూర్తిచేద్దామని... నాకు ఆడటం రాదు. పైన ఆయన పేరు పక్కన నక్షత్రాలున్నాయి, పద్నాలుగు. ఏంటండీ అవి?”

ఆట పూర్తిచేసిన ప్రతిసారీ ఒక నక్షత్రం పడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

“దారి తెలిసినవాళ్లకి ఇస్తారమ్మా.”

“తెలుసా? మరి మీకెందుకు చేసేవారు?”

జవాబు ఆమెకి తెలుసు. కళ్లజోడు తీసి పెట్టుకుంది. “ఇప్పుడు నేను చెప్పినట్టు నడువమ్మా.” సూచనలు లేవు, మొదటిసారి నియమం తప్పింది. మెట్లు, దీపం, వంతెన, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. అయిదు దాటింది. తీగల మనిషి పెట్టె మీంచి లేవలేదు.

“రెండు తలుపులొచ్చాయి. పుస్తకంలో పటం ఎడమకి చూపిస్తోందండీ.”

“అది తప్పమ్మా. కుడి. ఆ పటం గీసింది నేనే. మీ నాన్నగారికి ఇవాళ చెబుదామనుకున్నాను.”

అవతల ఆ పిల్ల నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. “అయితే నాన్న కుడతానన్న ఆ చొక్కా మీదేనన్నమాట!”

ఇద్దరూ ఏడ్చారు. ఏడుపు మధ్యలో తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది, ఆ వెంటనే నక్షత్రం పడ్డ గంట.

ఆమె ఇయర్‌ఫోన్ తీసి, స్పాంజి తుడిచి బల్లమీద పెట్టింది. తీగల మనిషి పని రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫోన్ చంకలో పెట్టుకుని, వెళ్తూ కిటికీ వైపు చూపించాడు.

“ఆ కాగితం తియ్యమంటారా?”

“ఉండనివ్వు బాబూ” అంది ఆమె, సంచి భుజాన వేసుకుంటూ.

ఖాళీ గదిలో, సాయంత్రపు ఎండ పడుతున్న అద్దం మీద ఆ పటం ఉండిపోయింది. లోపలినుంచి చూస్తే కుడివైపు తలుపు కుడివైపే ఉంది.