తలకిందుల కాపురం

పడవల షెడ్డులో అందరూ ఆయన్ని గీతల బాబాయ్ అంటారు. ఈ గీతలు ఆడపిల్లలు కారనీ, పడవల నక్షాల మీద తాను గీసే గీతలేననీ కొత్తగా చేరినవాళ్లకి ఆయనే విడమరిచి చెప్పి, చెప్పినందుకు ఆయనే నవ్వేవాడు. గొంతు పెద్దది. షెడ్డు ఈ చివర ఆయన తుమ్మితే ఆ చివర రంగు వేసేవాడి బ్రష్షు గీత దాటేది.

ఆయన గీసేవి మామూలు పడవలు కావు. పక్కపక్కనే మూడు పొట్టలు, నడిమి పొట్ట మీద మేడంత ఎత్తు తెరచాప కొయ్య, పక్క పొట్టల కింద పడవని నీళ్ల మీంచి పైకి లేపే రెక్కలు. అంత మహాకాయాన్ని పందెంలో ప్రపంచం చుట్టూ తిప్పుకొచ్చేది ఒకే ఒక్క మనిషి. "పొట్టలు మూడు, తినే నోరు ఒకటి! పైగా తెర ఉంది, చాప ఉంది, పడుకునే యోగమే లేదు" అనేవాడు బాబాయ్, తెరచాపని చూపించి.

పందేనికి నిబంధనలు బోలెడు. పొడవు ఇంత మించకూడదు, వెడల్పు అంత మించకూడదు. తెరచాపల తాళ్లని మోటారుతో లాగకూడదు, మనిషి చేతులే లాగాలి. రెక్కల వాలు కంప్యూటరు సర్దకూడదు, మనిషే సర్దాలి. వీటన్నిటితో బాబాయ్‌కి పాత స్నేహమే. భయపెట్టేది మాత్రం ఒకటుంది.

ఒంటి పొట్ట పడవకి అడుగున కీలు అనే బరువైన లోహపు దిమ్మ వేలాడుతుంది. పడవ బోల్తా పడితే ఆ బరువే దాన్ని మళ్లీ నిలబెడుతుంది. మూడు పొట్టల దానికి ఆ కీలు లేదు. "కీళ్లన్నీ నా ఒంట్లోనే ఉన్నాయి, అందుకే అది పరిగెడుతుంది, నేను మూలుగుతాను" అనేవాడు బాబాయ్. కీలు లేని పడవ ఒకసారి తిరగబడిందా, వెల్లకిలా పడ్డ బొద్దింకలా అలాగే తేలుతూ ఉంటుంది. లోపలి మనిషికి కప్పు నేలవుతుంది, నేల నెత్తి మీదికొస్తుంది. అందుకని నడిమి పొట్ట అడుగున చిన్న తలుపు ఉండి తీరాలి. పడవ నడిపే మనిషి తలకిందులైన ఆ గదిలో నిలబడి, దేని మీదా ఎక్కకుండా, ఎవరి సాయమూ లేకుండా దాన్ని తెరవగలగాలి. ఇదీ ఆ నిబంధన.

గదిని ముందు చెక్కతో, అసలు సైజులో చేస్తారు. ఇనప చట్రంలో బిగించి, కావాలనుకున్నప్పుడు తలకిందులు చేస్తారు. పందెం సంఘం తరఫున కొలతలాయన వచ్చి, చూసి, సరేనంటేనే దాని మీద అచ్చు తీసి, అసలు పడవకి కార్బన్ నార పరవడం. కార్బన్ గట్టిపడ్డాక మార్పు అంటే ఇక రంపమే.

ఈ చెక్క గది తయారైన రోజుల్లోనే బాబాయ్ వాళ్లన్నయ్యకి పెళ్లయింది. అన్నదమ్ములిద్దరూ బ్రహ్మచారులు. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఒకే ఫ్లాటులో, ఒకరి వంట ఒకరు తిట్టుకుంటూ బతికారు. అన్నయ్య రిటైరయ్యాక ఈత నేర్చుకోవడానికి వెళ్లి, అక్కడ పరిచయమైన టీచరుగారిని పెళ్లాడి, పెట్టెతో సహా ఆవిడ ఇంటికి వెళ్లిపోయాడు. "ఇద్దరం కలిసి ఇల్లు కట్టుకున్నాం అనుకుంటే, వీడు ఇల్లాలిని కట్టుకున్నాడు!" అని పెళ్లిలో అందరికంటే గట్టిగా నవ్వింది బాబాయే. మర్నాడు ఫ్లాటులో కాఫీ కలుపుకుంటూ ఒక జోకు వేశాడు. మంచి జోకే. ఎవరూ తిట్టలేదు.

ఆ తర్వాత ఆయన చెక్క గదిలోకి మారిపోయాడు.

"బోల్తా పడ్డ గదిలో మనిషి ఎలా బతకాలో చూడొద్దూ? పరీక్ష చేస్తున్నా" అన్నాడు. గదిని తలకిందులుగానే ఉంచి, ఊయల మంచం కట్టుకుని, దిండు తెచ్చుకున్నాడు. తర్వాత దుప్పటి వచ్చింది. తర్వాత తువ్వాలు, గడ్డం సామాను.

"ఏం బాబాయ్, నీ పరీక్ష ఇంకా అవలేదా?" అంది వడ్రంగుల మేస్త్రి. ఆవిణ్ని అందరూ మేస్త్రమ్మ అంటారు. "ఇవాళ స్టవ్వు కూడా తెచ్చినట్టున్నావు."

"సప్లిమెంటరీ రాస్తున్నానమ్మా. వంట సబ్జెక్టు మిగిలిపోయింది."

"షెడ్డు తగలబడితే ఫస్టు క్లాసే. తీసెయ్ ముందు."

స్టవ్వు పోయింది గానీ మనిషి ఉండిపోయాడు. ఉన్నకొద్దీ గది సర్దుకుంటూ వచ్చింది. కళ్లజోడుకి ఒక కొక్కెం. కుడిచేతికి అందేలా టార్చి. నడుం వాల్చేచోట నున్నటి చెక్క. అన్నీ మేస్త్రమ్మే చేసింది. ఒక్క తలుపు పిడి మాత్రం దారికి రాలేదు. నెత్తి మీద వేలాడే ఆ పిడి, ఆయన పొడుగుకి, నిద్ర లేవగానే ఠంగున బట్టతలకి తగిలేది.

"నా తలంటే దీనికేం పగో! కాస్త లోపలికి తొయ్యి తల్లీ."

మేస్త్రమ్మ చెక్క తొలిచి పిడిని గుంతలోకి పంపింది. మళ్లీ తగిలింది. ఇంకాస్త తొలిచింది. "పడవ నడిపేది కెప్టెన్ కదా, ఓసారి అడగొద్దా బాబాయ్?" అంది, పొట్టు ఊదుతూ.

"ఆ పిల్ల వేరే పడవలో సాధనకి సముద్రం మీదికెళ్లింది. వచ్చాక చూసుకుంటుందిలే." నక్షాలోనూ పిడిని పైకి జరిపేశాడు. గదిలో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

కెప్టెన్ రావడం, కొలతలాయన రావడం ఒకే ఉదయం జరిగింది. కెప్టెన్ పొట్టి మనిషి, మహా చురుకు. షెడ్డులో ఆ అమ్మాయికి పిడుగు అని పేరు. పందెంలో పడవ పేరు నమోదు చేసుకోవడానికి ఆ సాయంత్రమే గడువు. కొలతలాయన సాయంత్రం రైలుకి తిరిగి వెళ్లాలి. ఆయన ఏ జట్టు దగ్గరా మంచినీళ్లు కూడా పుచ్చుకోడు. సొంత ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, ముక్కాలిపీట మీద ఒక్కడే కూర్చుని, "కానివ్వండి" అన్నాడు.

పిడుగు లోపలికెళ్లింది. దీపాలు ఆర్పారు. చెక్క మీద అరచెయ్యి తడుముతున్న చప్పుడు. కాసేపటికి ధబ్బుమని ఇంకో చప్పుడు.

"గెంతకూడదమ్మా" అన్నాడు కొలతలాయన. "మోకాళ్లలోతు నీళ్లలో గెంతలేవు."

"గెంతట్లేదండీ. కాలు జారింది."

"పైకి జారిందా?"

లోపల మళ్లీ తడుములాట. చివరికి సన్నగా గొంతు వినిపించింది. "అందట్లేదు."

"పిడుగుకి పిడి అందకపోవడమేమిటి!" అన్నాడు బాబాయ్. ఎవరూ నవ్వలేదు. ఆయనకీ నవ్వు రాలేదు.

"పిడి అందకపోతే ఈ గది చెల్లదు. గది చెల్లకపోతే పడవ చెల్లదు" అన్నాడు కొలతలాయన. "రైలు వేళ దాకా ఇక్కడే ఉంటాను. తర్వాత నా చేతుల్లో లేదు."

"బాబాయ్, ఒకసారి లోపలికి రా" అని పిలిచింది పిడుగు.

ఆయన పాక్కుంటూ వెళ్లాడు. ఆ అమ్మాయి టార్చి వెలిగించి గోడలన్నీ చూస్తోంది.

"ఈ కొక్కెం దేనికి?"

"కళ్లజోడుకి."

"నాకు కళ్లజోడుందా?"

"లేదు."

"టార్చి కుడివైపుంది. నాది ఎడమచేతి వాటం. పదేళ్లుగా చూస్తున్నావు. పిడి పైకెందుకు పోయింది?"

"తలకి తగులుతోందని."

"ఎవరి తలకి?"

బాబాయ్ తన బట్టతల తడుముకున్నాడు. పిడుగు టార్చి వెలుగుని ఊయల మంచం మీదికి, దిండు మీదికి, తువ్వాలు మీదికి తిప్పి, మెల్లగా దించింది.

"ఈ గదిలో నేనొక్కదాన్నే ఉండాలి బాబాయ్. ఇందులో అప్పుడే ఒకరున్నారు."

"పరీక్షకోసం..."

"ఇంటికి వెళ్లట్లేదా?"

"ఎందుకెళ్లనూ? బట్టలకి వెళ్తుంటా."

ఆ అమ్మాయి ఊయల మంచం తాడుని వేలితో లాగి చూసింది. "నేను ఒంటరిగా ఉండాలని కోరుకుని పోతున్నాను. అక్కడ నాకు బాగుంటుంది. నీకు బాగుండదు, తెలుసు. కానీ నీ కోసమని నేను ఇందులో మునిగిపోలేను కదా."

"మునగవు" అన్నాడాయన. అంత చిన్న గొంతు ఆయనకుందని ఆయనకే తెలియదు.

మంచం విప్పాడు. దిండూ దుప్పటీ బయటికొచ్చి రంపాల పక్కన పడ్డాయి. మేస్త్రమ్మ కొక్కెం పీకేసింది, నున్నటి చెక్క పీకేసింది, గుంతకి బిరడా కొట్టి మూసేసింది. గది మళ్లీ ఎవరిదీ కాని గది అయింది.

"నన్ను లోపల పెట్టి మూసెయ్యండి" అంది పిడుగు. "కళ్లకి గంతలు కట్టుకుంటా. చెయ్యి దానంతటది ఎక్కడికి వెళ్తే అక్కడ తడతాను. బయట గుర్తు పెట్టుకోండి. బాబాయ్, నువ్వు మాత్రం మాట్లాడకు. మాట్లాడితే నా చెయ్యి నీ మాట వెంబడి వచ్చేస్తుంది."

తలుపు మూశారు. బాబాయ్ నిచ్చెనెక్కి, చెక్కకి చెవి ఆనించి, సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాడు. లోపల అడుగుల చప్పుడు. ఆగింది. టక్. ఆయన గుర్తు పెట్టాడు. చాలాసేపు ఏమీ లేదు. అటు ఎడమగా టక్. ఏది టార్చో, ఏది నీళ్ల సీసానో, ఏది ఊరికే గోడకి ఆనుకోవడమో ఆయనకి లంగరందలేదు. అడగాలని నాలుక దాకా వచ్చింది. మింగేశాడు. అరవడానికి పుట్టిన మనిషి అలా నోరు మూసుకుని కూర్చోవడం షెడ్డులో ఎవరూ చూసెరగరు. రంగువేసేవాడు వచ్చి, ఒంట్లో బాగాలేదా అని సైగ చేశాడు. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

చెక్కకి అవతలివైపు ఒక చెయ్యి ఉంది. ఇవతల తన చెంప ఉంది. ఆ చేతికి ఈ చెంప ఉన్నట్టు తెలియదు, తెలియనక్కరలేదు కూడా.

చివరికి రెండు దెబ్బలు, గట్టిగా. తలుపు పిడి అక్కడ.

మేస్త్రమ్మ తొలిచి బిగించింది. ఈసారి పిడి గదిలోకి బాగా వేలాడింది. దాని చివర ఒక పట్టీ కూడా కట్టింది. కొలతలాయన వాచీ చూసుకుని లేచి, దీపాలు ఆర్పమన్నాడు. గడియ కదిలిన చప్పుడు ఒక్కసారే వినిపించింది. చట్రం పైన చిన్న తలుపు తెరుచుకుంది. మొదట ఎడమచెయ్యి, తర్వాత చెమట పట్టిన తల బయటికొచ్చాయి.

"సరే" అన్నాడు కొలతలాయన. ఫ్లాస్కు చంకన పెట్టుకుని స్టేషనుకి వెళ్లిపోయాడు.

షెడ్డంతా చప్పట్లు కొట్టింది. పిడుగు అందర్నీ చూసి నవ్వింది. తర్వాత, "ఇంకోసారి చూసుకుంటా" అని లోపలికి జారి తలుపు వేసుకుంది. ఇక లోపల్నించి తట్టలేదు. పిలుస్తుందేమోనని బాబాయ్ నిచ్చెన మీద కాసేపు ఉన్నాడు. ఆ అమ్మాయి లోపల సుఖంగానే ఉందని అర్థమయ్యాక దిగాడు.

దుప్పటి మడిచి, దిండు చంకలో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే అచ్చు తీస్తాం. వస్తావుగా?" అంది మేస్త్రమ్మ.

"వస్తా. ఇంటినుంచి వస్తా."

ఫ్లాటు తలుపు తీసేసరికి ఇంకా కొంచెం వెలుతురుంది. హాల్లో మూల గీతల బల్ల. అది అక్కడే ఎందుకుందంటే, కిటికీ ఉన్న గది అన్నయ్యది కాబట్టి. ఆ గది తలుపు వేసి ఉంది. అన్నయ్య వెళ్లాక ఆయన దాన్ని తెరవలేదు.

ఇప్పుడు తెరిచాడు. ఖాళీ మంచం, గోడకి మేకు, కిటికీ నిండా వెలుతురు. చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత హాల్లోకి వెళ్లి, బల్లని రెండు చేతులా పట్టుకుని ఆ గదిలోకి లాగడం మొదలుపెట్టాడు. బరువైన బల్ల. నేల మీద దాని కాళ్లు ఘోరంగా కీచుమన్నాయి.

కింది వాటాలో కిటికీ తెరుచుకుంది. "పైన ఏమిటండీ ఆ గోల? ఎంతమంది దిగారు?"

ఆయన అన్నయ్య కిటికీలోంచి వంగి, ఉన్న గొంతంతా పెట్టి చెప్పాడు.

"నేనే అండీ! నేనొక్కణ్నే!"

కింద కిటికీ మూసుకుంది. ఆయన మళ్లీ బల్ల పట్టుకున్నాడు.