పది పలకలు, పది బొట్లు

రంగనాథ్‌కి సమ్మె మీద కోపం ఉంది, కరెంటు మీద ఉంది, కస్టమ్స్ వాళ్ల మీద ఉంది, నిజాంపేట రోడ్డు మీద మరీ ఉంది. దేవుడి మీద మాత్రం లేదు. దేవుడి వంతు ఆ శుక్రవారం పొద్దున పది గంటలకి వచ్చింది.

రెండు వేల పదకొండు, దసరా మరునాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు దాటింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పే నాథుడు లేడు. ఇంత గోలలో రంగనాథ్ చేసే వ్యాపారం ఏమిటో అతని మామగారికే ఇప్పటిదాకా అర్థం కాలేదు. సూక్ష్మాతిసూక్ష్మమైన చిప్పులూ సెన్సర్లూ చేసే పరిశోధకులకి కావలసిన సరుకు విదేశాల నుంచి తెప్పించి ఇస్తాడు, అంతే. నల్లగండ్లలో మూడు గదుల ఆఫీసు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఎనిమిదేళ్లుగా దాన్ని ఈడుస్తున్నాడు. ఉన్నది ముగ్గురు మనుషులు. అందులో దినేష్ బస్సులు ఆగిపోయి కర్నూల్లో చిక్కుకున్నాడు. ఇక మిగిలింది తనూ, ఊడ్చి తుడిచి టీ పెట్టే యాదమ్మా.

ఈసారి వచ్చిన సరుకు పది సిలికాన్ పలకలు. అరచేతంత గుండ్రటి పలక, అద్దం కంటే నునుపు, ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో. దాని మీద దుమ్ము వాలకూడదు, చెయ్యి తగలకూడదు, అసలు ఊపిరే తగలకూడదు. యూనివర్సిటీలో పిహెచ్‌డి చేస్తున్న ఆకాష్ అడిగితే జపాన్ నుంచి తెప్పించాడు. యూనివర్సిటీ ల్యాబ్‌లోని పెద్ద యంత్రం మీద ఆకాష్ వంతు శనివారం, అంటే రేపే. ఆ వంతు తప్పితే మళ్లీ మార్చిలో. అతని ఫెలోషిప్పేమో డిసెంబరుతో సరి. ఐదేళ్ల కష్టం మూలన పడుతుంది.

"మీ మాట మీదే ఉన్నాను సార్," అన్నాడు ఆకాష్.

"నాదీ పూచీ," అన్నాడు రంగనాథ్. అని, కస్టమ్స్ వాళ్లతో తగువు పెట్టుకుని మరీ మంగళవారం స్వయంగా తెచ్చి, పండగ కాగానే ఇద్దామని స్టోర్ రూములో పెట్టాడు.

ఇప్పుడా స్టోర్ రూములో పది డబ్బాలూ వరసగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఒక బంతిపువ్వు. రంగనాథ్ మొదటి డబ్బా మూత తీశాడు. నిగనిగలాడే పలక నట్టనడుమ పసుపు, పసుపు మధ్య కుంకుమ. రెండోది తీశాడు. మూడోది తీశాడు. పదో డబ్బా మూత తియ్యకుండానే అరిచాడు.

"యాదమ్మా!"

యాదమ్మ చీపురు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఏందీ సారు?"

"ఏం పని చేసినావమ్మా ఇది! నాలుగేళ్ల నుంచి చెప్తాండా, ఈ డబ్బాల జోలికి పోవద్దని! తలుపు బయట నిలబడి దండం పెట్టుకో, లోపలికి రావద్దు అన్లేదా?"

"అన్నరు సారు. అప్పటి సంది నేనేడ ముట్టిన? మొన్న ఆయుధ పూజ నాడు మీరే ఫోన్ల చెప్తిరి గద, అన్నిటికి బొట్టు పెట్టు, ఒక్కటి ఇడువకు అని. కొత్తగ వచ్చిన డబ్బలకు గూడనా సారు అన్న. వాటికే ముందు పెట్టు అంటిరి."

అన్నాడు. ఎందుకనలేదు? నవమి నాడు రాస్తారోకోలో ఇరుక్కుని, చుట్టూ హారన్లు, ముందు లారీ, వెనక లారీ. ఏటా తన చేత్తో చేసే పూజ తప్పిపోతోందన్న బెంగ ఒకటి. విసుగ్గా అరిచి ఫోన్ పెట్టేశాడు.

"డబ్బా మీద పెట్టమంటిని తల్లీ! మూత తీసి లోపల పెడతారా ఎవరైనా?"

యాదమ్మ వింతగా చూసింది. "బండికి పెడ్తం గని, బండి మీద కప్పిన గుడ్డకు పెడ్తమా సారు?"

ఇంక ఏం చెప్తాడు! నెత్తి కొట్టుకున్నాడు. మనిషి గోపన్‌పల్లి నుంచి నడిచొచ్చింది పండగపూట. చేతులు రెండుసార్లు కడుక్కుందట. ఉంగరం తీసి కొంగున ముడేసుకుందట. ఆమెను తిట్టడానికి ఒక్క తప్పు దొరకలేదు. అందుకే ఒళ్లు ఇంకా మండింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆకాష్. రంగనాథ్ దాన్ని చేతిలో పట్టుకుని గోడకేసి చూశాడు. చూస్తూంటే దారి దొరికింది. ఎంత తేలిక దారి! ఊళ్లో ఏది ఆగినా అందరూ చెప్తున్న మాటే.

"ఆ, ఆకాష్... ఏం చెప్పమంటావయ్యా, ఈ సమ్మె వల్ల..."

"సమ్మె మీద ఎయ్యకుండ్రి సారు," అంది యాదమ్మ.

రంగనాథ్ ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"మా ఆయన ఐలయ్య, బస్సు దోలేటోడు, ఇయ్యాల బస్సు బంద్ వెట్టి డిపో కాడ ఎండల కూసుంటుండు. జీతం లేదు. పండుగకు పోరగాండ్లకు అంగీలు కుట్టియ్యలే. ఎందుకు సారు? ఈ సమ్మె కోసమే గద. అది జెయ్యని తప్పు దాని మీద ఎందుకేస్తరు? నా మీద ఎయ్యుండ్రి." ఆమె కళ్లు దించుకోలేదు.

ఆమె మీద వెయ్యడం ఇంకా తేలిక. తనే వెయ్యమంటోంది మరి. రంగనాథ్‌కి సిగ్గేసింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆకాష్, సరుకు మంగళవారమే వచ్చింది. చెడగొట్టింది నేను. పలకలకు బొట్టు పెట్టమని చెప్పినాను. తప్పు నాది."

అవతల కాగితం నలిగిన చప్పుడు వినిపించింది.

"సమ్మె అనంగనే సరుకు రాలేదనుకున్న సార్," అన్నాడు ఆకాష్. "ల్యాబ్ ఆఫీసు ముంగటే ఉన్న. నా వంతు వేరేవాళ్లకు ఇస్తానని రాసిద్దామని కాగితం కూడా తీసిన. బొట్టు గట్టిగా రుద్దిన్రా, మెల్లగనా? గీత పడితేనే కష్టం. పసుపు, కుంకుమ అయితే ఆసిడ్‌ల కడుగుత."

రంగనాథ్ యాదమ్మని అడిగాడు.

"అమ్మవారి మొఖానికి పెట్టినట్టే పెట్టిన సారు. రుద్దుతమా?"

"తీసుకురండి సార్," అన్నాడు ఆకాష్. "రెండు బతికినా నాకు చాలు."

మూడు బతికాయి, ఆకాష్ గట్టెక్కాడు. అది శనివారం సంగతి. ఆ పొద్దున మాత్రం ఏమీ తెలీదు. స్కూటర్ మీద గతుకుల్లో పది డబ్బాలు కుదుపులేకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఉన్నది యాదమ్మ ఒక్కతే. నాలుగేళ్లుగా ముట్టుకోవద్దన్న డబ్బాల్ని రంగనాథ్ తన చేత్తోనే ఆమె ఒళ్లో పెట్టాడు.

"జాగ్రత్తమ్మా."

"ఫికర్ జెయ్యకుండ్రి," అంది ఆమె కొంగు కప్పుతూ. "బస్సులుంటే మా ఆయన బస్సులనే పోతుంటిమి. ఒక్క కుదుపు గూడ రానియ్యడు సారు."

రంగనాథ్ స్కూటర్ స్టార్ట్ చేసి, గుంతలు చూసుకుంటూ నెమ్మదిగా పోనిచ్చాడు.