స్కాన్ అని చెప్పారు

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకి, కెనడాలో, ఒంటారియో రాష్ట్రపు లండన్ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, యాంజియోగ్రామ్‌కి వచ్చిన చాముండేశ్వరి సంతకం పెట్టనంది. కాసేపటి క్రితం దాకా అది యాంజియోగ్రామ్ అని ఆమెకి తెలియదు.

ఆమెకి చెప్పింది స్కాన్ అని. చెప్పింది భర్త కోదండరామ్. చెప్పమన్నది కూతురు కావ్యశ్రీ. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని చాముండేశ్వరి ఎండాకాలం నుంచీ అంటోంది. ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా కనిపించింది. ఆ తర్వాత ఆసుపత్రి ఫోన్లన్నీ వాటర్లూలో ఉద్యోగం చేసే కావ్యశ్రీకే వెళ్ళాయి. కాగితాల్లో ఉన్నది ఆమె నంబరే. చాముండేశ్వరి మాల్‌లో బట్టల ఆల్టరేషన్ పని చేస్తుంది. జిప్పులకీ, ప్యాంటు పొడుగులకీ, మంగళవారం రండి అని చెప్పడానికీ ఆమె ఇంగ్లిష్ సరిపోతుంది. గుండెకి చాలదని ఇంట్లోవాళ్ళు తేల్చేశారు.

దాచడానికి కారణం ఉంది. ఆమె అన్న గుంటూరులో యాంజియోగ్రామ్‌కి వెళ్ళి, మళ్ళీ కళ్ళు తెరవకుండానే మర్నాడు పోయాడు. ఆ పేరు వింటే ఈమె కారెక్కదని తండ్రీకూతుళ్ళు అనుకున్నారు.

కారెక్కింది. పరగడుపున రమ్మంటే వచ్చింది. గౌను తొడుక్కుంది. ఎడమ చేతికి సూది గుచ్చినా, ఛాతీకి తీగలు అతికించినా ఊరుకుంది. మెడలో నల్లపూసలు తీసి కవర్లో పెట్టారు. నర్సు చిన్న మిషను పట్టుకుని కుడి మణికట్టు దగ్గర వెంట్రుకలు తీసింది. తర్వాత గౌను అంచు జరిపి, తొడ మొదట్లో కూడా తీయాలంది.

చాముండేశ్వరి గౌను గుప్పిట పట్టుకుంది.

"ఏవండీ, స్కాన్‌కి ఇక్కడ గొరగడమేంటి?"

"ఇక్కడి పద్ధతి అంతే," అన్నాడు కోదండరామ్.

నర్సు మిషను పక్కన పెట్టింది. పేరు చెప్పమంది, పుట్టిన తేదీ చెప్పమంది. ఈ రోజు మీకు ఏం చేయబోతున్నామో మీ మాటల్లో చెప్పండి అంది. ప్రతి పేషెంటునీ అడిగే ప్రశ్నే అది.

"హార్ట్ స్కాన్," అంది చాముండేశ్వరి.

"యెస్ యెస్, స్కాన్," అన్నాడు కోదండరామ్.

"నేను ఆమెని అడిగాను," అంది నర్సు. ఆయన్ని బయట, కూతురి దగ్గర కూర్చోమంది. ఫోన్ తెచ్చి మంచం మీద పెట్టి, స్పీకర్ నొక్కింది. అవతల ఒక తెలుగు గొంతు పలికింది.

"నమస్తే అమ్మా, నా పేరు మృదుల. నేను ఇంటర్‌ప్రెటర్‌ని. డాక్టరు ఏమంటే అది మీకు చెప్తా, మీరేమంటే అది డాక్టరుకు చెప్తా. ఒక్క ముక్క కూడా ఆపను."

డాక్టరు వచ్చి కూర్చుని చెప్పాడు. మృదుల తెలుగులో చెప్పింది. యాంజియోగ్రామ్ అన్న మాట దగ్గర చాముండేశ్వరి చెయ్యి ఎత్తింది.

"ఏదీ, ఇంకోసారి చెప్పు."

చెప్పింది.

"ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నారు?"

డాక్టరు సమాధానం మృదుల గొంతులో వచ్చింది. "పోయిన నెలలోనే మీ అమ్మాయితో మాట్లాడాం. మీకు వివరంగా చెప్పానన్నది."

"ఏదన్నా చెప్తానన్నావుగా, అయితే ఇది చెప్పు. మా ఆయన తల మీద ఉన్నది జుట్టే గానీ లోపల సరుకు లేదని చెప్పు. ఆయన కన్న కూతురికీ లేదని చెప్పు."

మృదుల చెప్పింది. నర్సు కిటికీ వైపు తిరిగింది.

"సంతకం పెట్టను. వాళ్ళిద్దర్నీ పిలవండి."

వాళ్ళు తెర పక్కన నిలబడ్డారు. కావ్యశ్రీ ముందు మాట్లాడింది. "అమ్మా, టెన్షన్ పడితే నీకు బీపీ పెరుగుతుందని..."

"ఇప్పుడు చూడవే ఎంత పెరిగిందో. అదిగో ఆ డబ్బాలో కనపడుతోందిగా."

"చాముండీ, నెమ్మది. జనం ఉన్నారు," అన్నాడు కోదండరామ్.

"ఉండనీ. మీరు చెప్పకపోతే వీళ్ళన్నా చెప్పారు. మా అన్నకీ ఇంతే చేశారు. గ్యాస్ పరీక్ష అన్నారు. వరండాలో మా వదినకి తెలుసు, దాని తమ్ముళ్ళకి తెలుసు, టీలు తెచ్చినవాడికి కూడా తెలుసు. లోపలికి పోయేవాడికే తెలీదు. ఏడాదిగా అన్నకి కొడుకుతో మాటల్లేవు. తెలిసుంటే ఫోన్ చేసి ఒక మాట అనేవాడు. చెప్పులు విడిచి, ఇప్పుడే వస్తానని పోయాడు."

ఆమె ఆగలేదు.

"నాకు భయమేస్తే నేను భయపడతాను. అదీ మీరే పడి పెడతారా? నా తిండి నేను తింటున్నాను, నా పని నేను చేసుకుంటున్నాను, గుండె ఒక్కటీ మీ పేరున రాశానా?"

"మామ్, ఐ యామ్ సారీ," అంది కావ్యశ్రీ.

"తెలుగులో ఏడు."

డాక్టరు వాచీ చూసుకోలేదు. ఇవాళ వద్దనుకుంటే ఇంకో తేదీ ఇస్తామని, దానికి కొన్ని వారాలు పట్టొచ్చని, ఈలోగా నొప్పి వస్తే ఎమర్జెన్సీకి రావాలని చెప్పాడు. నిర్ణయం మీదే అన్నాడు.

"ఈ ఇద్దర్నీ బయటికి పంపండి. అప్పుడు అడుగుతాను," అంది.

వాళ్ళు వెళ్ళాక అడిగింది. "మా అన్న ఎందుకు పోయాడు?"

"ఆయన రిపోర్టు నేను చూడలేదు, తెలియదు. మీ సంగతి చెప్పగలను," అన్నాడు డాక్టరు.

చెప్పాడు. మణికట్టు దగ్గర మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తారు. అక్కడి నుంచి సన్నటి గొట్టం గుండె దాకా పోతుంది. మెలకువగానే ఉంటారు. మందు పంపి ఎక్స్‌రే తీస్తే రక్తనాళాలు కనిపిస్తాయి. మణికట్టు నుంచి వీలుకాకపోతే తొడ నుంచి వెళ్తారు, అందుకే అక్కడా గొరగడం. రక్తం కారడం, గుండెపోటు, పక్షవాతం, ప్రాణం పోవడం కూడా ఉన్నాయి, అరుదు. ఇరుకు ఎక్కువగా ఉంటే అక్కడే స్టెంటు వేయొచ్చు, దానికీ ఒప్పుకోవాలి.

ప్రాణం పోవడం అన్నప్పుడు మృదుల గొంతు తగ్గింది.

"గట్టిగా చెప్పమ్మా, వినాలి," అంది చాముండేశ్వరి.

అంతా విన్నాక పెన్ను అడిగింది. "ఒక షరతు. ఏం తేలినా నాకు చెప్పాలి. నాకొక్కదానికే."

"అది మీ హక్కు," అన్నాడు డాక్టరు. ఆమె తెలుగులో సంతకం పెట్టింది.

లోపలి గది చల్లగా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, కుడి చెయ్యి పలక మీద చాపించి, మీద బట్ట కప్పారు. ఇంజెక్షన్ మండింది. తర్వాత మోచేతి దగ్గర లాగినట్టయింది. ఎక్స్‌రే యంత్రం ఛాతీ మీద అటూ ఇటూ తిరిగింది. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టింది. పక్కన తెర మీద నల్లగా కొమ్మలు కదిలాయి. అవి తనవేనా అని అడిగింది. యువర్స్ అన్నాడు డాక్టరు.

మధ్యాహ్నం మణికట్టుకి, రక్తం కారకుండా, గాలి నింపిన పట్టీతో బయటికి తెచ్చారు. నర్సు పట్టీలో గాలి కొంచెం కొంచెంగా వదిలింది. ఆ చెయ్యి వంచొద్దంది. డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, మృదులని ఫోన్‌లోకి పిలిచి మాట్లాడాడు. ఒక రక్తనాళంలో ఇరుకు ఉంది. స్టెంటు అవసరం లేదు. మాత్రలు వాడాలి, మూడు నెలలకి మళ్ళీ రావాలి.

డాక్టరు వరండాలోకి వెళ్ళగానే కోదండరామ్ లేచాడు. "డాక్టర్, ఎనీ బ్లాక్?"

"ఆవిడ బాగానే ఉన్నారు. మిగతాది ఆవిడే చెప్తారు," అన్నాడు డాక్టరు.

తినడానికి టోస్టు వచ్చింది. కోదండరామ్ ముక్క తుంచి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె ఎడమ చేత్తో పళ్ళెం లాక్కుంది. పుట్టి బుద్ధెరిగాక ఎడమ చేత్తో తినడం అదే మొదలు.

సాయంత్రం కావ్యశ్రీ డ్రైవ్ చేసింది. చాముండేశ్వరి వెనక సీట్లో కూర్చుంది. ఊళ్ళో మూడు సిగ్నళ్ళు దాటాక కోదండరామ్ వెనక్కి తిరిగాడు.

"ఇంతకీ ఏమన్నాడు?"

"స్కాన్ బాగానే వచ్చిందన్నాడు."

ఆరింటికి ఇల్లు చేరారు. అప్పటికి ఆయనకి తెలిసింది అంతే.