నీలం అట్ట పుస్తకం

నలభై కంపెనీలకు దరఖాస్తు పెడితే ఒక్కటి పిలిచింది. కాంక్రీటు దిమ్మల్ని యంత్రంలో పెట్టి నొక్కి, ఎంత బరువుకు పగులుతాయో చూసే ల్యాబు. ఆరు నెలల ఇంటర్న్‌షిప్. బాగా చేస్తే ఉద్యోగం ఇక్కడేనన్నాడు మేనేజరు. ఆ ముక్కకే ఎగిరి గంతేశాను. ఇంట్లో సంపాదించేది తాపీమేస్త్రీ నాన్న ఒక్కడే, ఆయన మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. ఆ ఉద్యోగం నాకు కావాలి, అంతే.

"నేర్చుకున్నదంతా రాసి పెట్టుకోండి" అని కాలేజీలో ప్లేస్‌మెంట్ మేడమ్ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. సరే కదా అని నీలం అట్ట పుస్తకం కొన్నాను. నీళ్ల తొట్టిలోంచి తీసిన దిమ్మను ఎలా తుడవాలి, తాపీతో నున్నగా చేసిన వైపును పైకి కాకుండా పక్కకు ఎలా తిప్పాలి, అన్నీ రాశాను. ఆ ముసలి యంత్రానికి బరువు చూపే ముల్లు మధ్యలో ఇరుక్కునే జబ్బు ఉంది. అద్దం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొడితే కదులుతుంది. అది కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. బొమ్మ గీసి మరీ రాశాను.

ఒకరోజు మేనేజరు పుస్తకం తిరగేసి మురిసిపోయాడు.

"భలే రాశావమ్మా! ఇది చదివితే ఎవరైనా చేసేయొచ్చు. ల్యాబుకి ఇచ్చెయ్."

ఆ మాట నాన్నకు గొప్పగా చెప్పాను. మోకాలికి మందు రాసుకుంటున్నవాడు చెయ్యి ఆపాడు.

"అన్నీ రాశావా?"

"అన్నీ."

"మా పెద్దమేస్త్రీ గోడకి ఆఖరి పూత వేసేటప్పుడల్లా నన్ను నీళ్లకి పంపేవాడు. ఎందుకో నాకు పెళ్లయ్యాక గానీ తెలీలేదు."

"మీ కాలం వేరు నాన్నా," అని నవ్వాను. పుస్తకం ఇచ్చేశాను.

ఆరో నెలాఖరున మేనేజరు సర్టిఫికెట్టు చేతిలో పెట్టాడు.

"ఈ ఏడాది ఖాళీల్లేవమ్మా. నీకేం, బంగారంలాంటి పిల్లవి, ఎక్కడైనా దొరుకుతుంది."

ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అయినా "థాంక్యూ సార్" అన్నాను. నా నోరు మండ.

మూడు వారాల తర్వాత కాలేజీలో నా జూనియర్, కళ్లజోడు పిల్ల, ఫోన్ చేసింది.

"అక్కా, మీ ల్యాబులోనే నాకూ ఇంటర్న్‌షిప్ వచ్చింది! చేరి పది రోజులైంది. మొదటిరోజే మీ నీలం పుస్తకం ఇచ్చారు. ముల్లు ఇరుక్కుంటే అద్దం మీద కొట్టాలని చదివాను కదా, మధ్యాహ్నానికల్లా నేనే అన్నీ చేసేశాను. బాగా చేస్తే ఉద్యోగం ఇక్కడేనంట!"

నాకు రెండు నెలలు, దానికి ఒక పూట. నా కుర్చీలో నా పుస్తకాన్నే కూర్చోబెట్టారు. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

"నా మాట విను. పుస్తకం చివర పేజీలు ఖాళీగా ఉంటాయి. వాటిమీద ఒక్క అక్షరం కూడా రాయకు. నువ్వు కొత్తగా కనిపెట్టింది నీ దగ్గరే ఉంచుకో."



"అయ్యో, అవి నిన్ననే నిండిపోయాయక్కా. సార్ ఎంత మెచ్చుకున్నారో! ఇంకో పుస్తకం కొనుక్కోమన్నారు."