తొమ్మిదో పేజీ కూడా చదువుతాను

తనిఖీ బృందం ఇచ్చిన నివేదిక పద్నాలుగు పేజీలు. తల్లిదండ్రులకు చెప్పమని ప్రిన్సిపల్ అనీస్ సార్ రాయించిన సర్క్యులర్ మాత్రం ఆరు వరుసలు. క్రమశిక్షణ బాగుందన్నారు, ప్రార్థన బాగుందన్నారు, అంతే. నాలుగు గ్రేడుల్లో బడికి వచ్చింది మూడోదన్న మాట అందులో లేనే లేదు.

జెద్దాలోని ఆ ప్రైవేటు బడిలో సుప్రజ తొమ్మిదేళ్లుగా సైన్సు చెబుతోంది. సొంతూరు కాకినాడ. ఇంగ్లీషు అంతగా రాని తెలుగు తల్లిదండ్రులకు ఏ విషయమైనా చెప్పేది ఆమే. శనివారం తల్లిదండ్రుల మీటింగులో తెలుగులో చెప్పమని ఈ సర్క్యులర్ కూడా ఆమె చేతికే ఇచ్చారు.

నివేదిక మొత్తం చదువుతూ తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయింది. సైన్సు ల్యాబుకు ఏడాదిగా తాళం వేసి ఉందనీ, పిల్లలు ప్రయోగాలు చేయకుండానే రికార్డులు నింపుతున్నారనీ రాశారు. సామాను పాడవుతుందని తాళం వేయించింది యాజమాన్యమే. కానీ ఆ రికార్డుల మీద నోరెత్తకుండా సంతకాలు పెట్టింది తను.

మర్నాడు ప్రిన్సిపల్ గదికి వెళ్లింది. "గ్రేడు దాచి నేను మాట్లాడలేనండి సార్."

హైదరాబాద్ నుంచి వచ్చిన అనీస్ సార్ ఎప్పుడూ గొంతు పెంచడు. "తొమ్మిదో పేజీ చదివిన్రా మేడం? పోయేది మీ పరువే. ఈ దేశంలో ఉండనిచ్చే మీ ఇకామా బడి పేరు మీదుంది, వచ్చే నెల రెన్యువల్. జర ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చానండి."

శనివారం మీటింగుకు నలభై మంది దాకా వచ్చారు. సుప్రజ సర్క్యులర్ పక్కన పెట్టి నివేదిక తెరిచింది.

"మన బడికి నాలుగింట్లో మూడో గ్రేడు వచ్చిందండి. అంటే చాలా బాగుపడాలని. ఎందుకిచ్చారో చదువుతాను, వినండి."

రెండో పేజీ చదువుతుండగా మైకు ఆగిపోయింది. ఆమె గొంతు పెంచింది. "వెనకాల వాళ్లకి వినపడుతోందాండీ?"

"ఇనపడ్తాంది, చదువమ్మా!" అంది ముందు వరసలోని హుస్సేన్‌బీ. కడప వైపు మనిషి, ఎనిమిదో తరగతి అయేషా తల్లి.

తొమ్మిదో పేజీ వచ్చింది. సుప్రజ ఒక్క వాక్యమూ వదలలేదు. "ఆ సంతకాలు నావే. తప్పులో నాకూ వాటా ఉంది."

హుస్సేన్‌బీ లేచి నిలబడింది. "మా పాపకు సైన్సులో తొంభైరెండు ఏసినావు గదమ్మా. ఒక్కసారన్నా ఆ గదిలోకి పోలేదా?"

"పోలేదమ్మా."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పల్యా?"

"భయపడ్డాను."

"ఇప్పుడు ల్యాదా?"

"ఉంది. ఉన్నా చెబుతున్నాను."

"నీ మింద కోపం నాకు పోల్యా. దాని సంగతి మళ్ల మాట్లాడుకుందాం." హుస్సేన్‌బీ ప్రిన్సిపల్ వైపు తిరిగింది. "సార్, ఆ తాళం తీయించండి. మేం చూడాల."

ఆయన ఇంకో రోజు చూపిస్తామన్నాడు. మిగతావాళ్లూ లేచారు, ఎవరూ ఇంటికి పోలేదు. అందరూ వెళ్లి ల్యాబు గుమ్మం ముందు నిలబడ్డారు. పావుగంట తర్వాత తాళంచెవి వచ్చింది. లోపల మైక్రోస్కోపులు ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా వరసగా ఉన్నాయి.

ఆ వారమే నివేదిక పూర్తిగా అందరికీ పంపారు. సుప్రజకు మాత్రం సంజాయిషీ నోటీసు వచ్చింది. "ఉన్నది ఉన్నట్టు చదివాను. మళ్లీ చదవమన్నా ఇలాగే చదువుతాను" అని రాసిచ్చింది. కాంట్రాక్టు పరీక్షల దాకే పొడిగించారు. ఆ కాగితం మీద సంతకం పెట్టి, నేరుగా ఎనిమిదో తరగతికి వెళ్లింది.

"పుస్తకాలు మూసేయండి. ల్యాబుకి పదండి" అంది.