ఒడినిండా బియ్యంతో జీపెక్కడం

జీపెక్కడానికి మా ఆయన గోవర్ధన్ నాకొక ప్లాస్టిక్ స్టూలు కొనిచ్చాడు. బజారు నుంచి తెచ్చి నా ముందు పెట్టి, "ఇగో, నీకోసమే తెచ్చిన. ఇగ ఎక్కస్తలేదని ఏడ్వకు" అన్నాడు. నేను ఏడ్చింది లేదు. చీర కట్టుకొని అంత ఎత్తుకు కాలు లేపలేనని మాత్రం అన్నాను. నడి బజారులో ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో డోరు పట్టుకొని కాలు పైకి లేపితే ఎవడి కళ్లు ఎక్కడుంటాయో గోవర్ధన్‌కు తెలియక కాదు. "చుడీదార్ ఏసుకో, ఎవలద్దన్నరు?" అన్నాడు. ఎవరు వద్దన్నారో ఆయనే మరిచిపోయాడు. పెళ్లయిన కొత్తలో చుడీదార్ వేసుకుంటే మా అత్త దేవమ్మ "గిది కోడలా, కాలేజీ పొల్లనా?" అని వారం రోజులు సాగదీసింది. "అమ్మకు నచ్చకుంటె ఎందుకేసుకునుడు, తియ్యి" అన్నది ఈ మనిషే. అప్పటి నుంచి నాకు చీరలే.

కొన్నప్పుడు అది మామూలు జీపే. సిరిసిల్లలో మాకు మరమగ్గాల షెడ్డు ఉంది. మా దగ్గర వాటిని సాంచాలంటారు. పొద్దున్నే నూలు కండెలు చుట్టేదీ, తెగిన పోగులు అతికేదీ, పనివాళ్లు రానిరోజు సాంచా ముందు నిలబడేదీ నేనే. ఎవరైనా "మీ ఇంటామె ఏం చేస్తది?" అని అడిగితే మాత్రం "ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది" అంటాడు. వినీ వినీ అలవాటై ఉంటుందని అనుకుంటారేమో, కాలేదు. ప్రతిసారీ కొత్తగానే మండుతుంది. సాంచాల చప్పుడులో గట్టిగా తిట్టుకున్నా ఎవరికీ వినబడదు కాబట్టి అక్కడే తిట్టుకుంటాను.

ఆదివారమైతే ఈయనా, ఈయన దోస్తు కుమార్, ఇంకో నలుగురూ జీపులేసుకొని వీర్నపల్లి దిక్కు గుట్టల్లోకి పోతారు. దారి ఉన్నచోట వదిలేసి దారి లేనిచోట నడుపుతారట, అదే మజా అట. బురదలో పొర్లిన బర్రెలా ఇంటికొస్తుంది జీపు. కడిగేది నేను. ఒకసారి అలాగే గుంతలో దిగబడి ట్రాక్టరుతో గుంజాల్సి వచ్చింది. దాంతో కుమార్ "అన్నా, నీ బండి ఎత్తు సాలది. లేపియ్యాలె, పెద్ద టైర్లు ఎయ్యాలె" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇంట్లో అన్నం నీళ్లు బందయ్యాయి. పొద్దున లేస్తే టైర్ల ఫోటోలే, పడుకునేముందు టైర్ల వీడియోలే.

ఒకరోజు "నడువు, మల్లాపూర్‌ల మీ అమ్మను చూసొద్దాం" అన్నాడు. నేను మురిసిపోయి సకినాలు కట్టుకొని బయల్దేరాను. తిన్నగా జగిత్యాలలో టైర్ల షాపు ముందు ఆపాడు. అక్కడ బల్ల మీద కూర్చున్న దాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. ముందు కింద స్ప్రింగులు మార్చి బండిని లేపారు. తర్వాత నా నడుము ఎత్తున్న టైర్లు దొర్లించుకొచ్చి బిగించారు. మెకానిక్ స్టీరింగ్ చివరిదాకా తిప్పితే టైరు లోపల తగిలి కర్రుమని చప్పుడైంది. "సార్, గీ టైరు తిరగాలంటె చుట్టున్న రేకు కొంచెం కొయ్యాలె" అన్నాడు. మా ఆయన తల కూడా గోక్కోలేదు. "కొయ్యి" అన్నాడు. కొత్త బండి, నిగనిగలాడే బండి. కొయ్యమన్నాడు, కోశారు.

నాకు అక్కడే మా వంటగట్టు యాదికొచ్చింది. దాన్ని మా అత్త ఎత్తుకు కట్టించారు. ఆమె కంటే నేను తలంత పొడుగు. వంగి వంగి రొట్టెలు చేసి, వంగి వంగి అంట్లు తోమి నా నడుము ఎప్పుడో పోయింది. ఒక్క ఇటుక వరస లేపించమని అడిగాను. "కట్టిన గట్టును ఎవలన్న పలగ్గొడ్తరా? సర్దుకపో" అన్నాడు. "నేను ముప్పై ఏండ్లు గా గట్టు మీదనే వండలేదా?" అన్నది దేవమ్మ. వండింది, నిజమే, తన ఎత్తు గట్టు మీద. జీపును లేపినంత ఎత్తు కూడా నేను అడగలేదు. జీపుకు నడుమునొప్పి లేదు కదా, మరి దాన్నెందుకు లేపారు? ఈ మాట షాపులో నోటిదాకా వచ్చింది. మింగాను. ఆ రోజు పొద్దుపోయిందని మల్లాపూర్ పోకుండానే తిరిగొచ్చాం. సకినాలు కుమార్ వాళ్లు తిన్నారు.

మల్లాపూర్‌లో మా అమ్మ రెండేళ్లుగా ఒక్కటే మాట, "ఒడిబియ్యం పోస్త, రా బిడ్డా" అని. పెళ్లయిన బిడ్డను పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికగుడ్డ ఒడిలో పోసి నడుముకు కట్టి పంపడం మా దిక్కు ఆచారం. ఆ బియ్యాన్ని ఒలకకుండా అత్తగారింటికి మోసుకుపోయి అక్కడ వండి పదిమందికి పెట్టాలి. ఒలికితే మంచిది కాదంటారు. అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. ఇప్పుడు ఊపిరి ఆడక మంచం పట్టి లేచింది. "గీపారి పొయ్యకుంటె మల్ల నేనుంటనో లేనో" అంటే మా ఆయనతో చెప్పాను. స్ప్రింగులు కానీ అన్నాడు. టైర్లు రానీ అన్నాడు. "అత్తగారింటికి పోతె కొత్త టైర్లతోనే పోవాలె. మీ వాడకట్టు మొత్తం చూడాలె" అన్నాడు. మా అమ్మ ఊపిరి ఆయన టైర్ల కోసం ఆగింది.

చివరికి ఆ రోజు వచ్చింది. వెనక సీట్లో కుమార్ కూడా ఉన్నాడు, వీడియో తీయడానికి. మల్లాపూర్‌లో దిగాక చూస్తే స్టూలు లేదు. "ఇంటికాడనే పెట్టిన. వీడియోల స్టూలు వడితె ఇజ్జత్ పోతది" అన్నాడు మా ఆయన. ఎక్కేటప్పుడు చూసుకోవచ్చులే అనుకొని లోపలికి పోయాను.

నన్ను పీట మీద కూర్చోబెట్టి అమ్మ బియ్యం పోసింది. బీడీలకు తునికాకు కత్తిరించీ కత్తిరించీ గరుకుబారిన వేళ్లు. ఒక్కో దోసిలికీ ఆగి ఊపిరి తీసుకుంది. "సల్లగుండు బిడ్డా, నీ ఒడి ఎప్పుడు నిండుగుండాలె" అన్నది. మా అన్న దుబాయిలో ఉంటాడు. వదినె రమే అమ్మను చూసుకుంటుంది. ఆమె మూట ముడి గట్టిగా బిగించి కట్టింది. నిండు చూలాలిలా నడుచుకుంటూ బయటికొచ్చాను.

గోవర్ధన్ అప్పటికే చలువద్దాలు పెట్టుకొని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కుమార్ ఫోన్ పట్టుకొని ఎదురుగా నిలబడ్డాడు. వాడకట్టు ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చి చూస్తున్నారు. "వదినే, జర నవ్వుకుంట ఎక్కు" అన్నాడు కుమార్. నేను మా ఆయనను చూశాను. "జర దిగొచ్చి చెయ్యి పట్టరాదు" అన్నాను. "డోర్ పట్టుకొని ఎక్కు, ఏమైతది?" అన్నాడు, అద్దంలో జుట్టు చూసుకుంటూ.

ఎక్కాను. ఎక్కబోయాను. ఒడి అడ్డమొచ్చి మోకాలు లేవలేదు. రమ వదినె వెనక నుంచి లేపింది. కాలు జారింది, ముడి సీటు అంచుకు తట్టుకొని విడిపోయింది. అమ్మ పోసిన బియ్యం బర్రున మట్టిలో పడింది. కుడుకలు జీపు కిందికి దొర్లాయి. ఆ టైర్లకు ఉండే వెడల్పాటి గాళ్లలో పసుపు గింజలు ఇరుక్కున్నాయి. కుమార్ ఫోన్ దించలేదు.

"ఏరుకో, జల్ది. ఎండయితాంది" అన్నాడు మా ఆయన పైనుంచి. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. "డోరన్న పెట్టు, ఏసీ పోతాంది."

నాకంటే ముందు మా అమ్మ కూలబడింది. పిల్లికూతలు పెట్టే ఊపిరితో, ఆయన టైరు ముందు మోకాళ్ల మీద కూర్చొని, గాళ్లలోంచి ఒక్కో గింజా గోటితో తీస్తోంది. "ఏం కాలేదు అల్లుడు, ఏం కాలేదు, ఇప్పుడే ఏరుత" అంటోంది. తప్పు తనదైనట్టు బతిమాలుతోంది. నాకు ఒళ్లంతా నిప్పంటుకుంది. ఇన్నేళ్లలో నన్ను ఎన్ని అన్నా ఓర్చుకున్నాను. మా అమ్మను టైరు ముందు కూర్చోబెడతాడని అనుకోలేదు. ఆయన దిగలేదు. దిగకపోగా ఫోన్ తీసి వాళ్లమ్మకు చేశాడు, నేను బియ్యం ఒలకబోశానని చెప్పడానికి.

స్పీకర్లో దేవమ్మ గొంతు వాడకట్టు మొత్తానికి వినిపించింది. "మట్టిల వడ్డ బియ్యం నా ఇంట్లకు తేకుండ్రి. దానికి ఒక్క ఒడి సుత సక్కగ ఆపస్తలేదా?"

"ఇన్నవుగా? గా బియ్యం ఈడనే పారవోసి ఎక్కు" అన్నాడు.

నేను అమ్మ రెక్క పట్టి లేపాను. "లే అమ్మా. నువ్వు ఏరకు." నేనూ, రమ వదినె కలిసి కొంగులు పరిచి బియ్యమంతా ఎత్తాం. టైరులో ఇరుక్కున్నవి వదిలేశాను. అవి ఆయనకు. లోపలికి పోయి పెద్ద గిన్నె అడిగాను. వదినెకు అర్థమై చేట తెచ్చింది, చెరిగి, రాళ్లేరి, నీళ్లు మారుస్తూ కడిగాం. అమ్మకు భయం పట్టుకుంది. "గట్ల చెయ్యద్దు బిడ్డా. ఒడిబియ్యం అత్తగారింట్లనే వండాలె. ఈడ వండితె నలుగురు ఏమంటరు?"

"నలుగురినే తినను పిలుస్తున్ననమ్మా. తిన్నంక ఏమంటరో అననీ" అన్నాను.

వాకిట్లో రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించాను. బయట హారన్ మొదలైంది. ఆ హారన్ కూడా కొత్తదే, లారీదంత. అది మోగినప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడుతోంది. నేను ఎసరు చూసుకుంటున్నాను. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే బీడీచాటలు పక్కనపెట్టి వచ్చారు. ఒకామె చింతపండు చారు తెచ్చింది, ఒకామె తొక్కు తెచ్చింది. ఎంత కడిగినా అన్నం పచ్చగానే ఉడికింది. అమ్మకు మొదట పెట్టాను. వదినెకు పెట్టాను. వచ్చినవాళ్లందరికీ పెట్టాను. నాకు నేను పెట్టుకొని వాళ్ల వరసలోనే బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. పెళ్లయ్యాక నేను మగవాళ్ల కంటే ముందు తినడం అదే మొదలు.

అప్పుడు దిగాడు. అంత ఎత్తు నుంచి దూకాల్సే వచ్చింది, చప్పుడు లోపలికి వినిపించింది. గడపలో నిలబడి అందరినీ చూశాడు. కుమార్ వెనకే ఉన్నాడు, ఫోన్ జేబులో ఉంది. ఆయన గొంతు తగ్గించాడు. "ఏందే గీ లొల్లి? సరే, అయిందేదో అయింది. నేను చెయ్యి పడత, నడువు. ఇంటికి పోదాం."

నేను నోట్లో ముద్ద పూర్తిగా నమిలి మింగాను.

"బియ్యం తేవద్దన్నది గద మీ అమ్మ" అన్నాను. "గవి నా ఒడిల పోసినయి. ఒడిని ఈడ ఇడిసిపెట్టి నేనొక్కదాన్ని ఎట్లొస్త?"