ఉమ్మడిది బయటికి తీస్తే

“వంట, పిల్లలు, మా అమ్మ మందులు. ఇవన్నీ పక్కకు తీస్తే నీకేం మిగులుతది ఆండాళూ? ఏం మిగలదు,” అన్నాడు రామనర్సయ్య, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కాకు ఆమె కుట్టిన గుండీలు పెట్టుకుంటూ. బడిలో లెక్కల క్లాసు తన చేతిలోంచి పోతోందని ఆమె చెప్పుకుంటే, మొగుడి ఓదార్పు అది. ఆండాళు పొయ్యి మీది పప్పు దించింది. పప్పు ఉడకడం అయిపోయింది. ఆమె ఉడకడం అవలేదు.

ఉమ్మడి కుటుంబంలో ఉమ్మడి కారణాంకం తనే. పప్పులో ఉప్పెక్కువైతే కారణం ఆమె, మామకు దగ్గొస్తే కారణం ఆమె. అందరిలోనూ ఉంది కాబట్టి అందరిలోంచీ తీసి బ్రాకెట్ బయట నిలబెట్టారు. లోపలివాళ్లు కలిసి కూర్చుని తింటారు. బయట నిలబడ్డది ఒక్కొక్కరి దగ్గరికీ పోయి గుణించుకు రావాలి, గరిటెతో సహా.

సూర్యాపేట ఆడపిల్లల బడిలో తొమ్మిదో తరగతికి ఏడాదంతా లెక్కలు చెప్పింది ఆండాళే. నల్లగొండ నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడనగానే హెడ్మాస్టర్ కాశీరాం సుద్దముక్క గుంజుకున్నాడు. “ఆయన ముందట పాఠం నేను చెప్త. నువ్వు జర చాయ్ సంగతి సూడమ్మా. వచ్చే నెల నుంచి లెక్కలు నాకు, కుట్లు అల్లికలు నీకు.” కుట్ర అల్లింది ఆయన, అల్లికలు మాత్రం ఆమెకు. లెక్కల టీచరే లెక్కలోకి రాలేదు.

చాయ్ పళ్లెంతో ఆమె గుమ్మం దాటేసరికి ఇన్‌స్పెక్టర్ వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. కాశీరాం బోర్డు మీద రాశాడు:

ab + ac + a = a(b + c)

మూడో వరుసలో హేమ్లా లేచింది. “సార్, తిరిగి గుణిస్తే చివరి a వస్తలేదు.”

“a లోంచి a తీస్తే ఏం మిగులుతది? ఏం మిగలదు. కూసో.”

పొద్దున విన్న మాటే. గొంతు మారింది, అంతే. హేమ్లా కూర్చోలేదు, ఆండాళు వైపే చూస్తోంది. తిరిగి గుణించి సరిచూసుకోమని ఆ పిల్లకు నేర్పింది ఆండాళే.

నేరుగా వెళ్లి పళ్లెం కాశీరాం చేతుల్లో పెట్టింది. వేడి చాయ్ కదా, వదిలేయలేక పట్టుకున్నాడు. ఆమె సుద్దముక్క తీసుకుని, బ్రాకెట్ చివర చెరిపి, ప్లస్ వేసి, పక్కన ఒకటి వేసింది. సుద్ద విరిగేంత గట్టిగా వేసింది.

“ఈడ తీసుడంటే తీసేసుడు కాదు సార్, భాగించుడు. a లోంచి a తీస్తే మిగిలేది సున్నా గాదు, ఒకటి. ఆ ఒకటిని మరిచిపోతే మొత్తం లెక్క తప్పు.”

హేమ్లా కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

“ఆండాళమ్మా,” కాశీరాం గొణిగాడు, “సార్‌కు చాయ్...”

“మీ చేతులనే ఉన్నది సార్. ఇయ్యుండ్రి,” అని, ఆమె బోర్డు మీద రెండో లెక్క రాయడం మొదలుపెట్టింది.